జానెడు కుక్క.. ఎలుకల పాలిట యముడు

బరువు మూడు కిలోల చిల్లర. భుజం దగ్గర ఎత్తు జానెడు. బాగా మేపిన నాటు పుంజును పక్కన నిలబెడితే పుంజే పెద్దదిగా కనిపిస్తుంది. నడినెత్తి మీద జుట్టు పోగుచేసి రిబ్బను కట్టి, పట్టుకుచ్చులా మెరిసే వెంట్రుకలు దువ్వి సోఫాలో కూర్చోబెడితే కుక్కో బొమ్మో పోల్చుకోవడం కష్టం. పట్నాల్లో కలిగినవారి ఇళ్లలో ఇప్పుడు ఈ కుక్క కనిపిస్తున్నది. పేరు యార్క్‌షైర్ టెర్రియర్. పెంచేవాళ్లు ముద్దుగా 'యార్కీ' అంటారు.

చూసినవాళ్లు ఇది దొరసానుల ముద్దుముచ్చట కోసం పుట్టిన జాతి అనుకుంటారు. నిజం వేరు. దీన్ని తయారుచేసినవాళ్లు నేతపనివాళ్లు, మిల్లు కూలీలు. తయారుచేసింది ఎలుకలను చంపడానికి. ఆ పని పోయి నూరేళ్లు దాటినా కుక్కలో పౌరుషం పోలేదు. ఒళ్లు మాత్రం మనుషుల మోజు కొద్దీ కుంచించుకుపోయింది. ఇప్పుడు ఆ జాతికి వచ్చిన కష్టమంతా అక్కడే ఉన్నది.

కలుగులో దూరే జాతి

లాటిన్ భాషలో 'టెర్రా' అంటే నేల. టెర్రియర్ అన్న మాట అందులోంచి పుట్టింది. నేలలోకి దూరి వేటాడే కుక్క అని అర్థం. బ్రిటన్‌లో ఈ రకం కుక్కలు ప్రాంతానికొకటి చొప్పున ఉన్నాయి. నక్కను కలుగులోంచి వెళ్లగొట్టేవి కొన్ని, ఏటి ఒడ్డు బొరియల్లో నీటికుక్కను పట్టేవి కొన్ని, ధాన్యం కొట్ల దగ్గర ఎలుకలను చంపేవి కొన్ని.

పెద్ద వేటకుక్కలు జంతువును తరుముకుంటూ వస్తాయి. అది కలుగులో దూరిందంటే వాటి పని అయిపోయినట్టే. బయట నిలబడి మొరుగుతాయి. ఆ తరువాత పని టెర్రియర్‌ది. లోపల చీకటి. వెనక్కి తిరగడానికి చోటుండదు. యజమాని కేక వినపడదు. ఎదురుగా పళ్లు చూపించే జంతువు. అక్కడ ముందుకు పోవాలో ఆగాలో కుక్క తన బుద్ధితో తానే తేల్చుకోవాలి. బెదిరే కుక్క, ప్రతిదానికీ యజమాని మొహం చూసే కుక్క ఆ పనికి రాదు. అందుకని తెగింపు, మొండితనం ఉన్న కుక్కలనే ఏరి, వాటికే ఈడు కట్టించారు. ఈనాడు యార్కీని పెంచేవాళ్లు 'చెప్పిన మాట వినదు, తనకు తోచిందే చేస్తుంది' అని విసుక్కుంటే, ఆ గుణం పనికట్టుకుని పెంచినదేనని తెలుసుకోవాలి.

ఎలుకల మాట వచ్చింది కనుక ఒక విశేషం. ఇంగ్లీషు నిఘంటువుల్లో 'బాండికూట్' అనే మాట ఉన్నది. అది మన పందికొక్కే. తెలుగునాట గాదెల కింద తవ్వే ఈ జంతువును చూసిన ఇంగ్లీషువాళ్లు పేరు కూడా ఇక్కడినుంచే పట్టుకుపోయారు. ఆ తరువాత ఆస్ట్రేలియాలో కడుపున సంచీ ఉండే మరొక జంతువుకు ఆ పేరే తగిలించారు. బాగా ఎదిగిన పందికొక్కు కిలో దాకా తూగుతుంది, అంటే యార్కీ బరువులో మూడోవంతు. ఇంగ్లండు మిల్లుల్లో తిరిగే ఎలుకలు అంతంత పెద్దవి కావు. చాలావరకు అరకిలో లోపువే.

మగ్గం పోయిన మనుషుల వెంట

మన చీరల అంచు మీద, పైటకొంగు మీద మామిడిపిందెలు నేస్తారు. ఇంగ్లీషులో ఆ పిందె డిజైనును 'పేస్లీ' అంటారు. పేస్లీ అనేది స్కాట్లండులో ఒక నేతగాళ్ల ఊరు. కాశ్మీరు శాలువలు సీమకు చేరి అక్కడి ఆడవాళ్లకు వాటి మీద మోజు పుట్టాక, 19వ శతాబ్దం మొదట్లో ఆ ఊరి నేతగాళ్లు ఆ పిందెలను చూసి తమ మగ్గాల మీద నకలు తీశారు. చౌకగా అమ్మారు. చివరకు మన దేశపు పిందెకు వాళ్ల ఊరి పేరు స్థిరపడింది.

ఆ ఊళ్లో, ఆ పక్క క్లైడ్ నది లోయలో చిన్న కుక్క ఒకటి ఉండేది. ఒంటినిండా పొడుగాటి మెత్తని వెంట్రుకలు. పేస్లీ టెర్రియర్ అనీ, క్లైడ్స్‌డేల్ టెర్రియర్ అనీ పిలిచేవారు. ఆ జాతి ఇప్పుడు లేదు, అంతరించిపోయింది. దాని నెత్తురు మిగిలింది యార్కీలోనే.

అక్కడినుంచి ఇక్కడికి ఎలా వచ్చిందంటే, పొట్ట చేతపట్టుకుని వచ్చింది. ఆవిరి యంత్రంతో నడిచే మరమగ్గాలు వచ్చి చేనేతను దెబ్బతీశాయి. చేనేతవారి ఇళ్లలో ఈ గోడు విడమరచి చెప్పనక్కరలేదు. 1841 నుంచి 1843 వరకు పేస్లీలో శాలువ వ్యాపారులు వరసగా దివాలా తీశారు. మగ్గాలు ఆగాయి. వేలమంది ధర్మం గంజి మీద బతికారు. ఆ కాలంలో స్కాట్లండు పనివాళ్లు ఎందరో దక్షిణాన ఉన్న యార్క్‌షైర్‌కు తరలివెళ్లారు. లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, హాలిఫాక్స్, హడ్డర్స్‌ఫీల్డ్ పట్టణాల్లో ఉన్ని మిల్లుల గొట్టాలు రాత్రింబగళ్లు పొగ కక్కుతున్నాయి. కూలీలకు కొదవలేని గిరాకీ. పనివాళ్ల వెంట వాళ్ల కుక్కలూ వెళ్లాయి.

అక్కడ స్థానికంగా ఉన్న టెర్రియర్లతో ఇవి కలిశాయి. నలుపు, గోధుమ రంగు కలిసిన పాత ఇంగ్లీషు టెర్రియర్ ఒకటి. కాలువగట్ల మీద ఎలుకలు పట్టే వాటర్‌సైడ్ టెర్రియర్ మరొకటి. తెల్లని వెంట్రుకల మాల్టీస్ కుక్క నెత్తురు కూడా కలిసి ఉంటుందని కొందరంటారు. దేనితో దేన్ని ఎప్పుడు కలిపారో రాసిపెట్టినవారు లేరు. రాతకోతలు తెలియని కూలీలు ఖాతాలు రాస్తారా? మంచి కుక్క ఎవరింట ఉంటే అక్కడికి తమ కుక్కను తోలుకుపోయి ఈడు కట్టించారు. నచ్చిన కూనను ఉంచుకున్నారు. అంతే. ఆ వెంట్రుకల మెరుపు చూసినవాళ్లు, ఇవి కూడా యార్క్‌షైర్ మగ్గాల మీద నేసినవేనని హాస్యమాడేవారట.

ఒక్క విదిలింపుతో సరి

మిల్లులో ఎలుకకు లేని సుఖం లేదు. ఉన్ని బేళ్ల మధ్య వెచ్చని గూడు. బండ్లు లాగే గుర్రాల దాణా. కూలీలు తెచ్చుకున్న రొట్టె ముక్కలు. పని ముగించుకుని ఇంటికి పోతే అక్కడా ఇరుకు గదులు, మురుగు కాలువలు, అక్కడా ఎలుకలే. కుక్క పగలు మిల్లులో, రాత్రి ఇంట్లో పనిచేసేది. పెద్ద కుక్కను మేపే స్తోమత ఎవరికి? పిడికెడు తిండి తిని మూలన పడుకునేది కావాలి. యంత్రాల కింద, బేళ్ల సందుల్లో దూరగలది కావాలి. కుక్క చిన్నదిగా ఉండడం అప్పుడు అవసరం, అందం కోసం కాదు.

పిల్లికీ టెర్రియర్‌కూ తేడా ఉన్నది. పిల్లి పొంచి ఉంటుంది. ఒకదాన్ని పట్టి, ఆడుకుని, తిని పడుకుంటుంది. టెర్రియర్ తినదు. వాసన పసిగట్టి వెతుక్కుంటూ పోతుంది. మెడ దగ్గర పట్టి ఒక్క విదిలింపు విదిలిస్తుంది. ఎలుక వెన్ను విరుగుతుంది. దాన్ని అక్కడే పారేసి రెండోదాని మీదికి పోతుంది. యార్కీ నోట గుడ్డ బొమ్మ పెడితే అది తల అటూ ఇటూ టపటపా కొట్టడం ఇంట్లోవాళ్లు చూసి నవ్వుకుంటారు. అది ఆట కాదు. ఎలుక వెన్ను విరిచే విద్య.

కూలీల ముచ్చట్లలో పందెం లేకుండా ఉంటుందా? మన కోడిపందేల మాదిరిగా అక్కడ సారా దుకాణాల్లో ఎలుకల పందేలు జరిగేవి. చెక్కగోడల బరిలో ఎలుకలను వదిలి, కుక్కను దించి, గడియారం పట్టుకుని లెక్కపెట్టేవారు. లండన్‌లో 'టైనీ' అనే ఒక నల్లని చిన్న టెర్రియర్ 1848లో 200 ఎలుకలను గంటలోపే చంపింది. దాని బరువు అయిదున్నర పౌన్లు, అంటే రెండున్నర కిలోలు. ఇది యార్కీ కాదు, దాని దాయాది జాతి. అయినా అంత చిన్న ఒంట్లో ఎంత సత్తువ ఉంటుందో తెలుస్తున్నది. ఆ పందేలు క్రూరమైనవి. కుక్కల మూతులు, కళ్లు కూడా పోయేవి. ఇప్పుడు అక్కడ అవి చట్టవిరుద్ధం.

హడ్డర్స్‌ఫీల్డ్ బెన్

ఈ జాతికి మూలపురుషుడు అనదగిన కుక్క 1865లో హడ్డర్స్‌ఫీల్డులో పుట్టింది. పేరు బెన్. బ్రాడ్‌ఫర్డుకు చెందిన మేరీ ఆన్ ఫాస్టర్ అనే ఆమె దాన్ని కొన్నది. ఆమె బెన్‌ను ఊరూరా ప్రదర్శనలకు తీసుకుపోయి డెబ్బైకి పైగా బహుమతులు గెలిచింది. బెన్ ఎలుకల వేటలోనూ మేటి అని చెబుతారు.

బెన్ ఇప్పటి యార్కీలకన్నా బరువైన కుక్క. గొప్పతనమంతా దాని సంతానంలో ఉన్నది. దానికి పుట్టిన కూనలు తండ్రికన్నా చిన్నవిగా, అదే రంగుతో, అదే వెంట్రుకలతో పుట్టేవి. జనం ఎగబడ్డారు. 1871లో బెన్ ఒక గుర్రపు బండి కింద పడి చచ్చిపోయింది. బతికింది ఆరేళ్లే. ఈనాటి ప్రదర్శన యార్కీల వంశం వెతుకుతూ పోతే బెన్ దగ్గర తేలుతుందని అంటారు.

అప్పటిదాకా ఈ కుక్కకు సొంత పేరే లేదు. 1861 నాటి ప్రదర్శనలో కూడా స్కాచ్ టెర్రియర్ల కిందనే చూపించారు. 1870లో ఒక ప్రదర్శన చూసిన పత్రికా విలేకరి, యార్క్‌షైర్‌లో ఇంత బాగుపడిన కుక్కను ఇంకా స్కాచ్ కుక్క అనడమేమిటి, యార్క్‌షైర్ టెర్రియర్ అనాలి అని రాశాడు. ఆ పేరు నిలిచింది. 1873లో ఇంగ్లండులో కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. 1886లో అది ఈ జాతికి గుర్తింపు ఇచ్చింది.

మిల్లు వదిలి ఒడిలోకి

పేరు వచ్చింది, ధర వచ్చింది. కూలి ఇంటి కుక్క జమీందారిణి ఒడిలోకి ఎక్కింది. కూలీకి ఇందులో నష్టం లేదు. ఒక మంచి కూనను అమ్మితే వచ్చే డబ్బు అతని జీతానికి తోడయ్యేది. అయితే కొనే చేతులు మారాక కోరికలు మారాయి. ఎలుక సంగతి ఎవరూ అడగలేదు. ఇంకా చిన్నది ఉన్నదా, ఇంకా పొడుగు వెంట్రుకలది ఉన్నదా అని అడిగారు. కొన్ని తరాల్లోనే కుక్క సగానికి సగమైంది. ఇప్పుడు ప్రమాణం ప్రకారం 7 పౌన్లు, అంటే 3 కిలోల 200 గ్రాములు దాటకూడదు.

రూపానికి కట్టుదిట్టమైన లెక్కలున్నాయి. తల వెనకనుంచి తోక మొదలు దాకా ముదురు ఉక్కు నీలం. తల, రొమ్ము, కాళ్లు మేలిమి బంగారు చాయ. వెన్ను మీద పాపిట తీసినట్టు వెంట్రుకలు రెండు పక్కలకూ నేలదాకా జారాలి. చెవులు చిన్నవి, నిక్కబొడుచుకుని ఉంటాయి. చూపు చురుకు. ఈ వెంట్రుకలకు అడుగున నూగు పొర ఉండదు. మన తలజుట్టులా పెరుగుతూనే ఉంటుంది, మిగతా కుక్కల్లా కట్టలుగా రాలదు. రోజూ దువ్వాలి. ప్రదర్శనకు పోయే కుక్క వెంట్రుకలను పాయలు పాయలుగా తీసి కాగితాల్లో చుట్టిపెడతారు. అలాంటి కుక్క ఇక బేళ్ల సందుల్లో దూరేదెక్కడ!

పూర్వం తోక కూడా కత్తిరించేవారు. 2007 నుంచి ఇంగ్లండులో అలా కత్తిరించడం చట్టం ఒప్పదు. కొన్ని పనికుక్కలకు మాత్రం మినహాయింపు ఉన్నది.

వేషం ఎంత మార్చినా స్వభావం మారలేదు. గేటు దగ్గర అలికిడైతే ముందు మొరిగేది ఇదే. పూలమొక్కల మొదళ్లు గోళ్లతో తవ్వుతుంది. ఉడుత కనపడితే పిలుపు చెవికెక్కదు. తనకన్నా పదింతలు పెద్ద కుక్క మీదికి కాలు దువ్వుతుంది. ఇదొక్కటీ దాని ప్రాణం మీదికి తెస్తుంది. వీధి కుక్క ఒక్కసారి నోట కరచుకుంటే మిగలదు. తన ఒళ్లు ఎంత చిన్నదైపోయిందో దానికి తెలియదు మరి.

గొట్టంలో దూరిన స్మోకీ

ఆ పాత పౌరుషం ఎంత నిఖార్సయినదో చెప్పడానికి రెండో ప్రపంచ యుద్ధంలో జరిగిన ఒక ఉదంతం చాలు. 1944లో న్యూగినీ అడవుల్లో, వదిలేసిన కందకంలో ఒక అమెరికా సైనికుడికి ఒక ఆడ యార్కీ దొరికింది. ఎవరిదో, ఆ అడవిలోకి ఎలా వచ్చిందో తేలలేదు. బిల్ వైన్ అనే మరో సైనికుడు దాన్ని రెండు ఆస్ట్రేలియా పౌన్లు ఇచ్చి కొన్నాడు. స్మోకీ అని పేరు పెట్టాడు. బరువు నాలుగు పౌన్లు, రెండు కిలోలు కూడా లేదు. సైన్యం లెక్కల్లో అది లేదు కాబట్టి దానికంటూ రేషను లేదు. తన కంచంలోనిదే పెట్టేవాడు. గుడారంలో తన పక్కనే పడుకోబెట్టుకునేవాడు.

1945లో సైన్యం ఫిలిప్పీన్స్‌లోని లింగాయెన్ తీరానికి చేరింది. అక్కడ విమానాలు నడిచే దారి కింద నుంచి టెలిగ్రాఫు తీగ అవతలికి తీసుకుపోవాలి. దారి కింద ఎనిమిది అంగుళాల గొట్టం ఒకటి ఉన్నది. పొడవు 70 అడుగులు. అతుకుల దగ్గర మట్టి రాలి కొన్నిచోట్ల నాలుగు అంగుళాల సందే మిగిలింది. లేదంటే దారి తవ్వాలి. మూడు రోజుల పని. ఆ మూడు రోజులూ 40 విమానాలు, వందల మంది మనుషులు శత్రువు బాంబులకు ఎదురుగా నిలబడాలి.

వైన్ స్మోకీ మెడపట్టీకి దారం కట్టి గొట్టంలో వదిలి, అవతలి కొసకు పరుగెత్తాడు. కొద్ది దూరం పోయి అది వెనక్కి తిరిగింది. పిలిచాడు. దారం ఎక్కడో తట్టుకున్నది. మళ్లీ పిలిచాడు. మట్టిలో కడుపు ఈడ్చుకుంటూ, చీకట్లో ఆ గొంతు పట్టుకుని వచ్చి అవతల తేలింది. దారం వెంట తీగ వచ్చింది. మూడు రోజుల పని నిమిషాల్లో అయింది.

మునుపు కలుగులో దూరడం కోసం పెంచిన గుణమే అక్కడ అక్కరకు వచ్చింది. యుద్ధం అయ్యాక స్మోకీ అమెరికాలో క్లీవ్‌లండు నగరంలో వైన్ ఇంట్లో బతికి 1957లో చనిపోయింది. తూటాల పెట్టెలో పెట్టి పాతిపెట్టారు. 2005లో ఆ చోట స్మారకం కట్టారు. సైనికుడి టోపీలో కూర్చున్న స్మోకీ బొమ్మ అందులో ఉన్నది. వైన్ 2021లో, 99 ఏళ్ల వయసులో పోయాడు.

కొనబోయేవారికి

స్మోకీ బరువు తక్కువే కాని ఒంట్లో బలం ఉన్నది. ఇప్పుడు బజారులో 'టీకప్ యార్కీ' పేరుతో కిలో, కిలోంబావు కుక్కలను ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. అలాంటి జాతి ఏదీ లేదు. కెన్నెల్ క్లబ్ పుస్తకాల్లో ఆ పేరే ఉండదు. ఒక ఈతలో బలహీనంగా పుట్టిన పిల్లలను మళ్లీ వాటిలో వాటికే కట్టించి తీసిన కుక్కలు అవి. ఆడకుక్క మరీ చిన్నదైతే ఈనలేదు, కోత పెట్టి కూనలను తీయాలి.

మామూలు యార్కీకే కొన్ని బాధలు జాతితో వచ్చాయి. మోకాటి చిప్ప పక్కకు జారి కుంటుతుంది. గాలిగొట్టం మెత్తబడి దగ్గు వస్తుంది, అందుకే దీనికి మెడపట్టీ కాకుండా రొమ్ముకు కట్టే పట్టీ వాడాలంటారు. కొన్నింటికి కాలేయానికి పోవలసిన నెత్తురు పక్కదారి పట్టి కూనగా ఉండగానే జబ్బు చేస్తుంది. కూన ఒక పూట తినకపోతే నెత్తురులో చక్కెర పడిపోయి సొమ్మసిల్లుతుంది. ఇక పళ్లు. దవడ చిన్నదైపోయి పళ్లకు చోటు చాలదు. పాలపళ్లు ఊడకుండానే కొత్తవి వస్తాయి, చిగుళ్లు చెడతాయి, నడి వయసుకే పళ్లు ఊడతాయి. పంటి బలంతో పేరు తెచ్చుకున్న కుక్క ఇది! ఒడిలో ఇంకా కాస్త తక్కువ చోటు పట్టాలన్న మోజు తప్ప దీనికి వేరే కారణం లేదు.

మన ఎండలు దీనికి పడవు. వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి, నీడపట్టున ఉంచి, తెల్లవారుజామున, పొద్దుగూకాక తిప్పితే బాగానే ఉంటుంది. సరిగా సాకితే పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. కుక్క చిన్నది కదా అని రేబిస్ టీకా మానరాదు. పల్లెలో పెంచేవారు ఇంకొకటి చూసుకోవాలి. ఇంట్లోగాని, చుట్టుపక్కల గాని ఎలుకల మందు పెట్టి ఉంటే ఇది వదలకుండా ఆ మందు తిన్న ఎలుకనే పడుతుంది, విషం దీనికీ ఎక్కుతుంది. ఎలుక మూత్రం వల్ల వచ్చే ఎలుక జ్వరం కుక్కలకూ సోకుతుంది. దానికీ టీకా ఉన్నది, పశువైద్యుణ్ణి అడిగి వేయించాలి.

మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదు. కుక్కలను పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. కొనేవారు ఆ కాగితం చూపించమని అడగవచ్చు. తల్లికుక్కను కూడా చూడమంటారు తెలిసినవాళ్లు.

రంగును బట్టి కూడా కొంత పట్టుకోవచ్చు. యార్కీ కూన పుట్టినప్పుడు ఉక్కు నీలంగా ఉండదు, నల్లగా ఉంటుంది. కళ్ల పైన, మూతి మీద, కాళ్ల మీద మాత్రం గోధుమ రంగు. నీలం తేలడానికి ఏడాది పైన, ఒక్కోసారి మూడేళ్లు కూడా పడుతుంది. రెండు నెలల కూన అప్పుడే వెండిలా మెరుస్తుంటే, అది ఏ కుక్క పిల్లో ముందు అడిగి తెలుసుకోవాలి.